ఆయిలర్ తేల్చిన ప్రధాన సంఖ్య

2147483647 అనే ప్రధాన సంఖ్య అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. 2 యొక్క 31వ ఘాతం నుంచి ఒకటి తీసివేస్తే వచ్చే ఈ మెర్సెన్ సంఖ్య ప్రధాన సంఖ్యేనని, అప్పటికే చూపు దాదాపుగా కోల్పోయిన గణిత శాస్త్రవేత్త ఆయిలర్ 1772లో తేల్చి చెప్పారు. దీని వర్గమూలం 46340కి కాస్త పైన ఉంటుంది కాబట్టి, మామూలుగా అయితే అంతవరకూ ఉన్న ప్రధాన సంఖ్యలన్నింటితోనూ భాగించి చూడాలి. అయితే దీన్ని నిశ్శేషంగా భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని 62తో భాగించినప్పుడు శేషం 1, 8తో భాగించినప్పుడు శేషం 1 గానీ 7 గానీ రావాలి. ఈ రెండు నియమాలనూ కలిపితే, 248తో భాగించినప్పుడు 1 లేదా 63 మిగిలే సంఖ్యలను మాత్రమే పరీక్షిస్తే సరిపోతుంది. వేల భాగహారాలను కొన్ని వందలకు కుదించిన ఈ ఆలోచనే నాకు అన్నిటికన్నా అందంగా తోస్తుంది. ఉదాహరణకు 311 అలాంటి సంఖ్యే. దానితో 2147483647ను భాగిస్తే 35 మిగులుతుంది.