సాగర్‌లో శనివారం

రాత్రి పదిన్నర. గదిలో నాతో పాటు ఉన్న మహబూబ్‌నగర్ ల్యాబ్ అక్క అప్పుడే నిద్రపోయింది. నాకూ కాళ్ళు లాగుతున్నాయి కానీ ఇవాళ్టి సంగతి ఇవాళే రాసుకోకపోతే రేపటికి సగం పోతుంది.

పొద్దున ఆరింటికి నల్లగొండలో నాగార్జునసాగర్ బస్సెక్కాను. హాలియా దగ్గర ఎడమ కాల్వ కనిపించింది, దాని పక్కన యాసంగి నాట్లు. కాల్వ నిండుగా ఉంది. ఈ దారిలో ఎన్నిసార్లు వచ్చినా ఇక్కడికి రాగానే మా ఊరు గుర్తొస్తుంది. మాది మర్రిగూడ వైపు. ఎత్తు ప్రాంతం, ఈ కాల్వ అటు రాదు. మా తాత ఈ డ్యామ్ కట్టేటప్పుడు రాళ్ళు మోసిన కూలీ. నెహ్రూ 1955 డిసెంబర్ 10న పునాదిరాయి వేశాడు, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్ళు వదిలింది. ఆ మధ్య సంవత్సరాల్లో తాత రెండు ఎండకాలాలు ఇక్కడే గుడిసెలో ఉన్నాడట. తర్వాత ఊరికి తిరిగొచ్చి బతికినన్నాళ్ళూ బోరు నీళ్ళే తాగాడు.

తాగునీటి ల్యాబులలో పనిచేసే మాలాంటి వాళ్ళకు మా శాఖ రెండు రోజుల సదస్సు పెట్టింది. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ నుంచి వచ్చారు. ఏళ్ళ తరబడి ఫోన్లో మాత్రమే మాట్లాడుకున్న వాళ్ళం. దేవరకొండ అన్న ముఖం ఇవాళే మొదటిసారి చూశాను. ఆయన గొంతును బట్టి పెద్దాయన అనుకున్నాను, నాకంటే చిన్నవాడు.

మొదటి గంటంతా రిపోర్టులు ఆన్‌లైన్‌లో ఎక్కించడం గురించి. రాసుకోవాల్సింది పెద్దగా లేదు.

రెండో క్లాసు మాత్రం మర్చిపోలేను. రిటైరైన ఒక కెమిస్ట్ సార్ వచ్చి 'నల్గొండ టెక్నిక్' గురించి చెప్పారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి కలిపితే తెట్టు కట్టి, ఎక్కువైతే పళ్ళనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది, పైనున్న తేట నీళ్ళు వాడుకోవాలి. 1970లలో నాగ్‌పూర్ నీరీ (పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్ళు తయారుచేసిన పద్ధతి. ఒక బకెట్టు, ఒక నల్లా ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. పటిక ఎంత వేయాలన్నది ఒక్కో ఊరి నీళ్ళను బట్టి మారుతుంది. అక్కడే చాలామంది తప్పారని సార్ అన్నారు. టాంజానియా, ఇథియోపియా దేశాల్లో కూడా ఈ పద్ధతి వాడారట. అక్కడి ఇంజినీర్ల నోట కూడా మన జిల్లా పేరు వినిపిస్తుందని సార్ సంతోషంగా చెబుతుంటే హాల్లో చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయాను. నా కళ్ళ ముందు అమ్మ మోకాళ్ళు ఉన్నాయి.

అమ్మకు ఇప్పుడు డెబ్భై దగ్గర. నడుము నిటారుగా నిలబడదు, మెడ పక్కకు తిప్పాలంటే మనిషే తిరగాలి. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము దాటొద్దు, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా. అమ్మ కాపురానికొచ్చిన ఊళ్ళో ఆ లెక్క ఎవరికీ తెలియదు. నీళ్ళు తేటగా ఉన్నాయి, రుచిగా ఉన్నాయి, అంతే. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి, మా అన్న పిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి. అమ్మ ఎముకల్లోకి చేరింది మాత్రం వెనక్కి రాదు. నేను ఈ ఉద్యోగానికి వచ్చింది అందుకే అని ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను.

ఊళ్ళల్లో ఆడవాళ్ళకు కిట్లు ఇచ్చి నీళ్ళు పరీక్షించడం నేర్పిస్తున్నాం కదా, దాని మీద నేనూ రెండు మాటలు మాట్లాడాను. ఎర్రటి రసాయనం వేస్తాం, ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే రంగు అంత వెలిసిపోతుంది. ఇంట్లో బల్బు కింద చూస్తే ఒక రకంగా, బయట నీడలో చూస్తే ఇంకో రకంగా కనిపిస్తుంది, కాబట్టి నీడ పట్టున పగటి వెలుతురులోనే చూడమనాలి అన్నాను. ఇంకో మాట కూడా అన్నాను. పరీక్ష చేసిన ఆమెకు మనం తిరిగి ఫోన్ చేసి ఫలితం చెప్పాలి, లేకపోతే మూడోసారి ఆమె సీసా పట్టదు. గొంతు కొంచెం వణికింది. దేవరకొండ అన్న "కరెక్ట్ చెప్పినవ్ అక్కా" అన్నాడు.

భోజనాలు తొందరగా ముగించి వంతెన దాటి విజయపురి సౌత్‌కు వెళ్ళి లాంచీ ఎక్కాం. జలాశయం మధ్య దీవిలా ఉన్న నాగార్జునకొండ చూడడం ఇదే మొదటిసారి. అరవై కిలోమీటర్ల దూరంలో ఉంటూ ఇన్నేళ్ళు రాలేదు. ఎప్పుడూ డ్యామ్ చూసి, గేట్లు ఎత్తితే ఫొటోలు దిగి తిరిగి వెళ్ళిపోయేవాళ్ళం.

ముప్పావు గంటకు పైనే ప్రయాణం. నీళ్ళు కొంచెం దిగాయి, గుట్టల అంచున తెల్లటి చార కనిపిస్తోంది. కాసేపటికి ఎవరూ మాట్లాడలేదు. ఇరవై ఏళ్ళుగా నీళ్ళను లీటరు సీసాల్లో చూసిన దాన్ని. ఒకేచోట ఇన్ని నీళ్ళ మధ్య కూర్చుంటే గుండె బరువెక్కింది. అలవాటు కొద్దీ సంచిలోంచి ప్లాస్టిక్ సీసా తీసి, రేవు దగ్గర నింపి మూత పెట్టాను. ఫ్లోరైడ్ పరీక్షకు గాజు సీసా పనికిరాదు, ఫ్లోరైడ్ గాజును పట్టుకుంటుంది. సోమవారం చూస్తాను.

మనం దీవి అంటున్నది నిజానికి ఒక గుట్ట. దాని చుట్టూ ఉన్న లోయలోనే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. 1926లో ఆ శిథిలాలు బయటపడ్డాయి. డ్యామ్ కడితే మునుగుతాయని తెలిసి 1954 నుంచి 1960 వరకు లోయంతా తవ్వారు. కొన్ని కట్టడాలను రాయి రాయి విప్పి గుట్ట పైకి తెచ్చి మళ్ళీ కట్టారు. మ్యూజియంలో లోయ మొత్తం నమూనా ఉంది. ఎక్కడ స్తూపం, ఎక్కడ విహారం అని చూపిస్తుంది. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. ఇంతసేపూ ఆ ఊరి మీదుగానే లాంచీలో వచ్చామన్నమాట. అందులో ఎన్ని ఇళ్ళు, ఎన్ని బావులు.

మహాస్తూపం కట్టించింది ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త శాంతిశ్రీ అని చదివి మహబూబ్‌నగర్ అక్క "మేనత్త కట్టించిందా!" అని బోర్డు ఫొటో తీసుకుంది. ఆమె తాత కూడా పాలమూరు నుంచి సాగర్ పనికి వచ్చినవాడే. ఇద్దరం ఒకేసారి ఆ సంగతి తెలుసుకుని చేతులు పట్టుకున్నాం.

శిల్పాలన్నీ లేతాకుపచ్చ ఛాయ ఉన్న సున్నపురాయి. పొద్దున క్లాసు చెప్పిన సారు ఒక శిల్పం దగ్గర ఆగి, "చూడమ్మా, సున్నం ఉన్నచోట ఫ్లోరైడ్ నీళ్ళలో ఎక్కువ నిలవదు, క్యాల్షియంతో కలిసి కిందకు దిగుతుంది. మీ వైపు అంతా గ్రానైట్, అందుకే నీళ్ళలోకి వదిలేస్తుంది" అన్నారు. నాకు తెలిసిన కెమిస్ట్రీయే. కానీ బుద్ధుడి కథ చెక్కిన ఆ రాయి పక్కన నిలబడి వింటే వేరేగా అనిపించింది. మా ఊరి కింద ఈ రాయి ఉండి ఉంటే అనుకున్నాను.

తిరుగు లాంచీకి టైమైందని హారన్ కొట్టారు. స్నానఘట్టం సరిగా చూడనేలేదు. గంటంపావులో చూసే చోటు కాదు ఇది, ఇంకోసారి రావాలి.

గదికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను.

"నీళ్ళు ఎట్లున్నయి బిడ్డా?"

"కంటికి ఒడ్డు కానరాదమ్మా."

"మీ తాత ఎప్పుడూ గదే చెప్పేటోడు. నేను చూడనే లేదు."

ఇన్నేళ్ళలో అమ్మను ఇక్కడికి తీసుకురావాలన్న ఆలోచనే రాలేదు నాకు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వసారాలో నిలబడ్డాను.

అమ్మ మెట్లు ఎక్కే స్థితిలో లేదు. లాంచీలోకి దిగే పలక వెడల్పుగానే ఉంది, ఇద్దరం చెరోవైపు పట్టుకుంటే సరిపోతుంది. గుట్టెక్కడం కష్టం, రేవు దగ్గరే చెట్టు నీడన కూర్చోబెట్టాలి. రేపు పొద్దున సెషన్ మొదలయ్యేలోపు లాంచీ స్టేషన్‌కు వెళ్ళి లోపల కుర్చీ వేయనిస్తారేమో అడగాలి. శుక్రవారం మ్యూజియం మూసి ఉంటుంది, ఆ రోజు తప్ప ఏదైనా పర్వాలేదు. అన్నకు చెప్పాలి, కారు వాడిదే.