కరగని మట్టిగడ్డ

రసాయన ఎరువులు వెయ్యని తోటొకటి చూద్దామని ఆదివారం ఆరున్నరకే విజయనగరం కాంప్లెక్స్‌లో సాలూరు బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే నాకూ, మా పెద్దదానికీ జీరో టికెట్ కొట్టారు. సీటు మాత్రం నాన్న ఒక్కరికే దొరికింది. గజపతినగరం దాటాక దిగితే 4 కిలోమీటర్లకి ఆటోవాడు 200 తీసుకున్నాడు. తోట దగ్గర భోజనంతో కలిపి మనిషికి 300, పిల్లలకీ అంతే. ఐదుగురికి 1,500 కడుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. "పొలం చూడ్డానికి డబ్బులేంటమ్మా?" అన్నారు నాన్న. నలభై ఏళ్ళు నాగలి పట్టిన మనిషి. అమ్మ పోయాక రాజాం దగ్గరున్న ఎకరంన్నరా కౌలుకిచ్చేసి మా దగ్గరే ఉంటున్నారు.

మే నెల కదా, దారి పొడుగునా మోళ్ళూ, నెర్రెలే. లోపలికెళ్తే మోకాలెత్తు పచ్చదనం. జీలుగ, జనుము, పెసర, అలసంద, నువ్వు, చోడి, గంటె, గోగు అన్నీ కలిసిపోయి ఉన్నాయి. నవధాన్యాలు అంటారు గానీ తొమ్మిదితో ఆపరట. విత్తనాలకి బంకమట్టి, ఘనజీవామృతం (పేడ, గోమూత్రంతో చేసే పొడి ఎరువు), బూడిద పట్టించి ఉండలుగా చేసి వానలకి ముందే చల్లేస్తారు. కాస్త తడి తగిలితే చాలు, మొలుస్తాయి. ఉడుపుల ముందు కలియదున్నేస్తారు. రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ 2016 నుంచీ చేయిస్తున్న ప్రకృతి వ్యవసాయం గురించి పేపర్లో చదవడమే గానీ, కళ్ళతో చూడ్డం ఇదే మొదలు.

పిల్లలకి పొలానికి పోసే ద్రవజీవామృతం కలిపే డ్రమ్ము నచ్చింది. 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల పేడ, 10 లీటర్ల గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు వేసి కర్రతో తిప్పించారు. చిన్నోడు ఒక చేత్తో ముక్కు మూసుకుని రెండో చేత్తో తిప్పాడు. అది ఎకరానికి సరిపోతుందట.

ఆ తర్వాత చెట్టు కింద బల్ల మీద రెండు గాజు జాడీల నిండా నీళ్ళు పోసి పెట్టింది అక్కడ నేర్పించే అప్ప. ఆవిడా రైతే. జాడీల మూతుల్లో ఇనప జాలీ వంచి పెట్టి, ఒక్కో జాలీ మీదా ఒక్కో ఎండు మట్టిగడ్డ ఉంచింది. ఎడమ దాని నుంచి బుడగలు వచ్చాయి. అంచులు విచ్చుకుని, మట్టి సన్నటి పోగుల్లా కిందికి జారింది. చూస్తుండగానే జాలీ ఖాళీ. నీళ్ళు టీ రంగుకి తిరిగాయి. కుడివైపు గడ్డ తడిసి నల్లబడిందంతే, అలాగే కూర్చుంది.

నాన్న వంగి చూశారు. "ఇది ఎక్కడి మట్టమ్మా?"

"రెండూ ఒకే గట్టుకి అటూ ఇటూ బాబూ. ఈ కుడివైపు గడ్డ తెచ్చిన పొలం చెక్క ఆరేళ్ళుగా యూరియా ఎరగదు."

మొక్కల వేళ్ళూ, మట్టిలోని సూక్ష్మజీవులూ వదిలే జిగురే రేణువుల్ని పట్టి ఉంచుతుందట. అది లేకపోతే వానకి మట్టి చెదిరి పైన పొర కడుతుంది. నీరు లోపలికి దిగదు, మట్టిని కోసుకుంటూ పోతుంది. నాన్నకి మా మెరక చెక్క గుర్తొచ్చినట్టుంది. వాన పడితే అక్కణ్నుంచి ఎర్రనీళ్ళు కాలవలోకి పోవడం నేనూ చిన్నప్పుడు చూశాను. భోజనంలో సామల అన్నం, ఉలవచారు వడ్డించారు. బాగున్నాయి. నాన్న ఏం తిన్నారో ఆయనకే తెలీదు.

వారం తిరక్కుండా ఒక్కరే ఊరెళ్ళి తువ్వాల్లో మట్టిగడ్డ కట్టుకొచ్చారు. హార్లిక్స్ సీసాలో నీళ్ళు పోసి, నా టీ జాలీ మీద పెట్టారు. నిమిషం పట్టలేదు.

కౌలు రైతునే తప్పుపట్టబోయాను. నాన్న వద్దన్నారు. "మనం ఏడాదికోసారి మాటిస్తే, వచ్చే ఏడు ఉంటుందో లేదో తెలీని పొలం మీద వాడెందుకు ఖర్చు పెడతాడమ్మా? పైగా ఆ యూరియా మొదలెట్టింది నేనే."

అప్పుడే ఫోన్ చేశారు. "ఐదేళ్ళకి రాసిస్తాను. నవధాన్యాలు చల్లుతావా?"

అటునుంచి చాలాసేపు మాట లేదు. "విత్తనాలెవరిస్తారు బాబూ?" అన్నాడు చివరికి.