ఫోన్ ఉందిగా అనుకున్నాం

బోస్టన్ నుంచి రెండు గంటలకు పైగా డ్రైవ్ చేస్తే న్యూ హాంప్‌షైర్‌లో ఫ్రాంకోనియా రిడ్జ్ లూప్ అనే కొండదారి వస్తుంది, దాదాపు 14 కిలోమీటర్లు, మధ్యలో 5,200 అడుగులు దాటిన లఫయెట్ శిఖరం. అక్టోబర్ చివర్లో నేనూ నా రూమ్మేటూ వెళ్ళాం. నడక మొదలుపెట్టేసరికే పదకొండున్నర (దారిలో టిఫిన్‌కి ఆగాం, అదీ మా ప్లానింగ్). బ్యాగులో రెండు నీళ్ళ సీసాలు, పులిహోర, చిప్స్. లైటు లేదు. మ్యాప్, టార్చ్, కెమెరా అన్నీ ఫోనే కదా.

దిగేటప్పుడు, ఆ సీజన్‌కి మూసేసిన గ్రీన్‌లీఫ్ హట్ (కొండెక్కేవాళ్ళు బస చేసే చోటు) దాటాక, తడి బండ మీద వాడి కాలు జారి మోకాలు మెలిపడింది. అప్పటికే చీకటి. వాడి ఫోన్ ఎప్పుడో ఆగిపోయింది, నాది 11 శాతం. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుందని, సిగ్నల్ కోసం వెతుక్కుంటూ ఇంకా తాగేస్తుందని అప్పుడు తెలిసింది. ఒక్క గీత సిగ్నల్ మీద ఎమర్జెన్సీ నంబర్ 911 కలిసింది. వాళ్ళకి మేమున్న చోటు దొరికింది, కదలకండి, బ్యాటరీ దాచుకోండి అన్నారు. హమ్మయ్య, అయిపోయింది అనుకున్నాను.

ఏం అయిపోలేదు. ఫోన్ క్షణంలో కలిసింది గానీ మనిషి నడిచే రావాలిగా. ఎవరో తింటున్న అన్నం వదిలి, డ్రైవ్ చేసుకొచ్చి, మేం లైటు కూడా తెచ్చుకోని చీకట్లో కొండెక్కాలి. మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ మా దగ్గర ఉన్నవి ఒక పల్చటి జాకెట్, మిగిలిన పులిహోర. వాడు వణుకుతుంటే వీపుకి వీపు ఆనించి కూర్చున్నాం, మాటల్లేవు. వచ్చినవాళ్ళలో ఒకాయన లైట్ ఏదీ అని అడిగితే ఫోన్ చూపించాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది, ఏమీ అనకుండా బ్యాగులోంచి ఇంకో హెడ్‌ల్యాంప్ తీసి నా చేతిలో పెట్టాడు.

మోకాలికి కట్టు కట్టి, మెల్లగా నడిపిస్తూ కిందికి తెచ్చేసరికి ఒంటిగంట.

ఆ రాష్ట్రంలో నిర్లక్ష్యంగా వెళ్ళి ఇరుక్కుంటే రెస్క్యూ ఖర్చు మన దగ్గరే వసూలు చేయొచ్చట. మాకు బిల్లు రాలేదు, వచ్చినా కాదనడానికి నా దగ్గర మాటలేదు. 25 డాలర్లకి హైక్ సేఫ్ కార్డు కొంటే నిర్లక్ష్యం కింద ఆ ఖర్చు పడదు. రెండూ కొన్నాను, కార్డూ, హెడ్‌ల్యాంపూ. "కార్డుందిగా, ఈసారి ధైర్యంగా వెళ్ళొచ్చు" అన్నాడు మావాడు, కాలు ఇంకా దిండు మీదే పెట్టుకుని.