దాడి ఖర్చు ఎంత? జీఎస్-3లో నన్ను గట్టెక్కించిన ఒకే ఒక్క టాపిక్

సివిల్స్ ఫలితాల లిస్టులో నంబర్ చూసుకున్నప్పటి నుంచి మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. ఏ పుస్తకాలు చదివారు, ఏ టెస్ట్ సిరీస్ రాశారు, రోజుకి ఎన్ని గంటలు కూర్చున్నారు అని. పుస్తకాల జాబితా మీ అందరి దగ్గరా ఉంది. నాదీ అదే. గంటల సంగతి చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు. అందుకే మెయిన్స్ రాతపరీక్షలో నాకు నిజంగా తేడా చూపించిన ఒక టాపిక్ గురించి మాత్రమే రాస్తున్నాను: పెద్ద ఉగ్రదాడి తర్వాత అయ్యే ఖర్చు. జీఎస్-3 (జనరల్ స్టడీస్ మూడో పేపర్) సిలబస్‌లో అంతర్గత భద్రత ఒక మూల, ఆర్థిక వ్యవస్థ ఇంకో మూల ఉంటాయి. రెండూ కలిసే చోటు ఇది. అక్కడికి వచ్చేసరికి చాలామంది ఎన్ఐఏ (ఉగ్రవాద కేసుల దర్యాప్తు సంస్థ), నాట్‌గ్రిడ్ (నిఘా సమాచార వ్యవస్థ), ఎన్ఎస్‌జీ (కమాండో దళం) హబ్‌లు అని పేర్లు పేర్చి వదిలేస్తారు.

పోయినసారి మెయిన్స్‌కి ముందు టెస్ట్ సిరీస్‌లో ఇలాంటి ప్రశ్నే వచ్చింది. దాడి అనంతర వ్యయం మీద 15 మార్కులు, 250 పదాలు. 26/11 (2008 నవంబరు నాటి ముంబయి దాడులు) తర్వాత రక్షణ బడ్జెట్ 34 శాతం పెరిగిందని గట్టిగా రాశాను. అంకె తప్పు కాదు. 2008-09లో బడ్జెట్ అంచనా 1,05,600 కోట్లు, 2009-10కి 1,41,703 కోట్లు. పేపర్ దిద్దినాయన దాని కింద ఎర్ర ఇంకుతో గీత గీసి, పక్కన 'అయితే?' అని ఒక్క మాట రాసి, నాలుగున్నర మార్కులు వేశాడు. చాలా ఒళ్లు మండింది. అంత కచ్చితమైన డేటా ఇస్తే ఇంకేం కావాలి ఈయనకి అనుకున్నాను. ఆ ఏడాది మెయిన్స్ నాకు కలిసిరాలేదు, ఆ కథ ఇక్కడ అనవసరం.

తర్వాత మళ్లీ చదవడం మొదలుపెట్టినప్పుడు 2009 ఫిబ్రవరి నాటి మధ్యంతర బడ్జెట్ ప్రసంగం ప్రింట్ తీసుకున్నాను. ఎన్నికల ముందు బడ్జెట్. దాడి జరిగిన నాలుగు రోజులకే హోంమంత్రి శివరాజ్ పాటిల్ రాజీనామా చేయడం, ఆర్థికమంత్రిగా ఉన్న చిదంబరం హోంశాఖకి వెళ్లడం మీకు తెలిసిందే. అందుకే ఆ బడ్జెట్ చదివింది ప్రణబ్ ముఖర్జీ. ముంబయి దాడుల ప్రస్తావన తెచ్చి, భద్రతా పరిస్థితి బాగా దిగజారిందని చెప్పి, ఆ వెంటనే రక్షణ కేటాయింపు పెంపు ప్రకటించారు. ఆ వరుసలో చదివితే ఎవరికైనా పెంపు మొత్తం దాడి వల్లే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. అయితే అక్కడే ఇంకో అంకె ఉంది, మూలధన వ్యయం 54,824 కోట్లు అని. ముందు ఏడాది అంచనాలో అది 48,007 కోట్లు.

ప్రింట్ అంచున పెన్సిల్‌తో తీసివేతలు చేశాను. మీరూ ఒకసారి చేసి చూడండి. మొత్తం పెంపు 36,103 కోట్లు. అందులో ఆయుధాలు, ఓడలు, విమానాలు కొనే మూలధన పద్దులో పెరిగింది 6,817 కోట్లే, అంటే 14 శాతం. మిగిలిన 29,286 కోట్లు రెవెన్యూ పద్దులో ఉన్నాయి. 57,593 కోట్ల నుంచి 86,879 కోట్లకి, ఒక్క ఏడాదిలో సగానికి సగం పెరిగింది. రెవెన్యూ పద్దు అంటే ప్రధానంగా జీతభత్యాలు, రోజువారీ నిర్వహణ. దాడి జరిగినంత మాత్రాన సైనికుల జీతాలు ఒక్కసారిగా అంత పెరగవు కదా. పెరగడానికి పెద్ద కారణం ఆరో వేతన సంఘం. సిఫార్సులు 2008లో ఆమోదించారు, 2006 జనవరి 1 నుంచి వర్తింపజేశారు. బకాయిల్లో 40 శాతం 2008-09లో, 60 శాతం 2009-10లో ఇచ్చారు. అంటే పడవెక్కి ఎవరూ రాకపోయినా ఆ డబ్బులో ఎక్కువ భాగం ఖర్చయ్యేదే.

'అయితే?' అన్నదానికి అర్థం అప్పుడు తెలిసింది. అప్పటి నుంచి ఈ టాపిక్‌లో ఏ అంకె కనపడినా ఒకటే ప్రశ్న వేసుకునేవాణ్ని: దాడి జరగకపోయినా ఈ ఖర్చు అయ్యేదా? దాని వెనకే ఇంకోటి: ఎవరి జేబులోంచి? ఈ రెండూ పట్టుకుంటే మీ నోట్స్ సగానికి సగం తగ్గుతుంది. నాది తగ్గింది.

మొదటి ప్రశ్నతో 9/11 దగ్గరికి, అంటే 2001 సెప్టెంబరు 11న అమెరికా మీద జరిగిన దాడుల దగ్గరికి వెళ్లండి. అక్కడ అంకెలు గందరగోళంగా ఉంటాయి. ఒకచోట 3,300 నుంచి 3,600 కోట్ల డాలర్లని, ఇంకోచోట 8 లక్షల కోట్ల డాలర్లని కనిపిస్తుంది. రెండిట్లో ఏది కరెక్టని గ్రూపుల్లో కొట్టుకోవడం చూశాను. రెండూ కరెక్టే. మొదటిది న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆర్థికవేత్తలు కట్టిన లెక్క. న్యూయార్క్ నగరానికి, 2002 జూన్ వరకు జరిగిన నష్టం మాత్రమే అది. కూలిన, దెబ్బతిన్న ఆస్తులు, శిథిలాల తొలగింపు కలిపి 2,160 కోట్ల డాలర్లు. చనిపోయినవాళ్లు బతికుంటే జీవితకాలంలో సంపాదించి ఉండేది 780 కోట్లు. ఉద్యోగాలు పోయి జనం కోల్పోయిన ఆదాయం దీనిపైన. రెండోది బ్రౌన్ యూనివర్సిటీ యుద్ధవ్యయ ప్రాజెక్టు 2021లో ఇచ్చిన మొత్తం. అఫ్గానిస్థాన్, ఇరాక్ యుద్ధాలు, స్వదేశీ భద్రత, అప్పుల మీద వడ్డీ, 2050 దాకా మాజీ సైనికుల వైద్యానికీ భృతికీ అయ్యే 2.2 లక్షల కోట్లు, అన్నీ అందులో ఉన్నాయి. మొదటిది దాడి చేసిన నష్టం. రెండోది దాడికి స్పందనగా ఆ ప్రభుత్వం ఎంచుకున్న దారి ఖర్చు. ఇరాక్‌కి 9/11తో సంబంధమే లేదు కాబట్టి ఆ యుద్ధాన్ని దాడి ఖాతాలో వేయాలా వద్దా అన్నది చర్చనీయాంశం. ఆ చర్చ రెండు వాక్యాల్లో రాస్తే చాలు, ఆన్సర్ మిగతా కాపీల నుంచి విడిపోతుంది.

ఇక్కడ చాలామంది ఇష్టపడే వాక్యం ఒకటుంది. 9/11 కమిషన్ లెక్క ప్రకారం కుట్రదారులకి అయిన ఖర్చు 4 నుంచి 5 లక్షల డాలర్లు, అమెరికా పెట్టింది లక్షల కోట్లు అని. ఇంట్రోకి బాగుంటుంది. నేనూ వాడాను. కానీ అక్కడే ఆగిపోతే అది వాట్సాప్ ఫార్వర్డ్ అవుతుంది, ఆన్సర్ అవదు.

ఆర్థిక మాంద్యం సంగతీ అంతే. అమెరికాలో మాంద్యం 2001 మార్చిలోనే మొదలైంది, దాడికి ఆరు నెలల ముందు. ముంబయి దాడికి రెండు నెలల ముందు లేమన్ బ్రదర్స్ కూలింది. 2008-09 శీతాకాలంలో ముంబయి హోటళ్లకి గిరాకీ పడిపోయిందంటే అందులో దాడి వాటా ఎంత, ప్రపంచ సంక్షోభం వాటా ఎంత? విడదీయడం కష్టం అని నిజాయతీగా రాసినా మార్కులు వస్తాయి. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ సెప్టెంబరు 17న తెరిచినప్పుడు డౌ జోన్స్ సూచీ 7 శాతం పడింది. మన మార్కెట్లు నవంబరు 27న మూతపడి 28న తెరిస్తే సెన్సెక్స్ కాస్త పెరిగే ముగిసింది, అప్పటికింకా తాజ్‌లో కాల్పులు ఆగనేలేదు. మార్కెట్ సూచీ దాడి నష్టానికి కొలబద్ద కాదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇప్పుడు రెండో ప్రశ్న, ఎవరి జేబు. 9/11 జరిగిన మూడోరోజుకే అమెరికా కాంగ్రెస్ 4,000 కోట్ల డాలర్ల అత్యవసర నిధి ఆమోదించింది. అధ్యక్షుడు అడిగింది అందులో సగమే. సెప్టెంబరు 22 కల్లా విమానయాన సంస్థలకి 500 కోట్ల నగదు సాయం, 1,000 కోట్ల దాకా రుణ హామీలు. అదే చట్టంలో బాధితుల పరిహార నిధి కూడా పెట్టారు. పరిహారం తీసుకుంటే విమాన సంస్థల మీద దావా వేసే హక్కు వదులుకోవాలి. దయతోపాటు పరిశ్రమని కోర్టు ఖర్చుల నుంచి కాపాడే ఏర్పాటు కూడా అది.

ఈ నిధి గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే జీఎస్-4 (నైతికత పేపర్)లో కూడా దీన్నే వాడాను. కెన్నెత్ ఫైన్‌బర్గ్ అనే లాయర్ దాన్ని నడిపారు. సుమారు 700 కోట్ల డాలర్లు పంచారు. మృతుల కుటుంబాలకి సగటున 20 లక్షల డాలర్లు, అయితే అందరికీ సమానంగా కాదు. బతికుంటే ఎంత సంపాదించేవారో దాన్ని బట్టి లెక్క. కనిష్ఠం 2.5 లక్షలు, గరిష్ఠం 71 లక్షలు. పై అంతస్తులో బాండ్లు అమ్మే ఉద్యోగి ప్రాణానికీ, అదే టవర్‌లో గిన్నెలు కడిగిన మనిషి ప్రాణానికీ ప్రభుత్వమే వేర్వేరు ధరలు కట్టినట్టయింది. మళ్లీ ఇలాంటిది చేయాల్సివస్తే అందరికీ ఒకే మొత్తం ఇవ్వాలని ఫైన్‌బర్గే తర్వాత అన్నారు. మన దగ్గర ఉగ్రవాద బాధిత పౌరులకి కేంద్ర పథకం 2008లో వచ్చింది. అప్పుడు 3 లక్షల రూపాయలు, 2016 నుంచి 5 లక్షలు, అందరికీ ఒకటే. సమానత్వం ఉంది, సరిపోతుందా అన్నది వేరే మాట. ఆన్సర్‌లో ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పకుండా వదిలేయకండి, మీ అభిప్రాయం రాయండి. నాకైతే ఆదాయాన్ని బట్టి ఇవ్వడం కోర్టుకి సబబు, ఖజానాకి కాదు అనిపిస్తుంది.

బీమా సంగతి చాలామంది నోట్స్‌లో కనపడదు. 9/11 తర్వాత అంతర్జాతీయ రీఇన్సూరెన్స్ కంపెనీలు (బీమా కంపెనీలకే బీమా ఇచ్చేవి) ఉగ్రవాద కవరేజీ నుంచి తప్పుకున్నాయి. అమెరికా 2002 నవంబరులో ఉగ్రవాద బీమా చట్టం తెచ్చి భారీ నష్టాల్లో ప్రభుత్వం వాటా పెట్టుకుంటుందని హామీ ఇచ్చింది. మూడేళ్లకని తెచ్చారు, పొడిగిస్తూనే వచ్చారు, 2019 పొడిగింపుతో 2027 దాకా సాగింది. మన బీమా కంపెనీలు 2002 ఏప్రిల్ 1న సొంతంగా ఒక పూల్ పెట్టుకున్నాయి, నిర్వహణ ప్రభుత్వ రీఇన్సూరెన్స్ సంస్థ జీఐసీది. తాజ్, ఒబెరాయ్ క్లెయిములు వచ్చినప్పుడు ఆదుకుంది ఈ పూలే. ఏ దాడితోనూ సంబంధం లేని ఫ్యాక్టరీ యజమాని కట్టిన ప్రీమియం కూడా అందులో ఉంది. ఏ బడ్జెట్ పత్రంలోనూ కనపడని ఖర్చు ఇది.

విమాన ప్రయాణికుల రుసుమూ అలాంటిదే. అమెరికాలో 2.50 డాలర్లతో మొదలై 2014లో 5.60 డాలర్లయింది. 2013 బడ్జెట్ ఒప్పందం ప్రకారం అందులో కొంత భద్రతకి కాక లోటు తగ్గించడానికి మళ్లించారు. భద్రత పేరుతో ఒకసారి మొదలైన వసూలు ఎటు పోతుందో చూడండి. మన విమానాశ్రయాల భద్రతని కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం సీఐఎస్ఎఫ్‌కి అప్పగించడం మొదలైంది మాత్రం 1999 కాందహార్ హైజాక్ తర్వాత, 2000లో జైపూర్‌తో. దాన్ని 9/11 ఖాతాలో వేసిన కాపీలు చూశాను, అందుకే చెప్తున్నా.

డబ్బు కేటాయించడం వేరు, అది చేతికి రావడం వేరు. తీరప్రాంత భద్రతా పథకం మొదటి దశ 2005లోనే మొదలైంది. పది మంది రబ్బరు పడవలో కొలాబా ఒడ్డున దిగేనాటికి ఆ పథకానికి మూడేళ్లు. రెండో దశ 2011 ఏప్రిల్‌లో వచ్చింది. ఎన్ఐఏ చట్టం మాత్రం 2008 డిసెంబరు ముగిసేలోపే వచ్చేసింది, 2009లో ముంబయి, హైదరాబాద్, చెన్నై, కోల్‌కతాల్లో ఎన్ఎస్‌జీ హబ్‌లు పెట్టారు. చట్టం రాయడం, ఉన్న కమాండోలని నాలుగు చోట్లకి పంపడం త్వరగా అయ్యే పనులు. కొనుగోళ్లు అలా కాదు. ముంబయి నగరమంతటా సీసీటీవీలు పెట్టాలన్న ఆలోచన దాడి తర్వాతదే, 949 కోట్ల కాంట్రాక్టు మీద సంతకాలయ్యింది 2015లో. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారు, ఇక్కడ ఆరేళ్లు దాటింది. టెండర్లు, రద్దులు, మళ్లీ టెండర్లు. ఆన్సర్ చివర్లో సూచనలిచ్చే 'వే ఫార్వర్డ్‌'లో 'నిధులు పెంచాలి' అని రాసేబదులు 'అత్యవసర సేకరణకి గడువుతో కూడిన ప్రత్యేక విధానం ఉండాలి' అని రాయండి.

ఒక్క టాపిక్ మీద ఇంత సమయం పెట్టడం తెలివితక్కువ అన్నారు నాతో చదివినవాళ్లు. కరెంట్ అఫైర్స్ మ్యాగజైన్లు గుట్టలుగా పేరుకుంటుంటే నేను పాత బడ్జెట్ ప్రసంగం ముందేసుకుని కూర్చునేవాణ్ని మరి. వాళ్ల మాటా కాదనను, అందరికీ ఇది కుదరకపోవచ్చు. కానీ మనం ఇరవై ప్రశ్నలు మూడు గంటల్లో రాయాలి. ఆ హడావిడిలో చేతికి వచ్చేది నిన్న చదివినది కాదు, మనం సొంతంగా కుస్తీ పట్టినది. వేతన సంఘం తీసివేత నేర్పిన అలవాటే నాకు ఆహార సబ్సిడీలో, విపత్తు నిర్వహణలో, చివరికి ఎస్సేలో కూడా అక్కరకొచ్చింది. ఫోన్ పక్కన పెట్టి, రీల్స్ మానేసి, ఒక పత్రం ముందు కూర్చునే ఓపిక లేకపోతే ఏ మెటీరియలూ ఏమీ చేయలేదు. కటువుగా అనిపిస్తే అనిపించనివ్వండి.

ఆప్షనల్, ఇంటర్వ్యూ గురించి విడిగా రాస్తాను. ఈలోగా ఈ ప్రశ్న 250 పదాల్లో రాసి చూడండి: "ఉగ్రదాడి అనంతరం ప్రభుత్వ వ్యయం పెరగడం భద్రత పెరగడానికి సూచికేనా? విమర్శనాత్మకంగా పరిశీలించండి." ఒక హింట్: శిథిలాల ధూళి వల్ల జబ్బుపడ్డవాళ్ల కోసం అమెరికా ఆ పరిహార నిధిని 2011లో మళ్లీ తెరిచింది, 2019 చట్టంతో క్లెయిముల గడువు 2090 అక్టోబరు దాకా పెంచింది. ఆ ఖర్చుని మీరు భద్రత అంటారా, నష్టం అంటారా, ముందు అది తేల్చుకుని పెన్ను పట్టండి.