క్రానిక్ ఫెటీగ్ ఉన్న బిడ్డను మర్నాడు చూడండి

బడి ఈడులో క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్‌తో, అంటే విశ్రాంతితో తీరని నీరసపు జబ్బుతో, మంచం పట్టి, ఏళ్ళ మీద మెల్లగా లేచినవాళ్ళం మేము. తల్లిదండ్రులకు ముందుగా చెప్పేది ఒకటే: బిడ్డ ఇవాళ ఎలా ఉందని కాదు, రేపూ ఎల్లుండీ ఎలా ఉంటుందో చూడండి. పెళ్ళిలో నవ్వుతూ తిరిగిన పిల్ల ఆ సాయంత్రం బాగానే ఉంటుంది. దెబ్బ తర్వాత పడుతుంది: గొంతు నొప్పి, వెలుతురు పడకపోవడం, చదివిన వాక్యం నిలవకపోవడం, పక్క మీంచి లేవలేకపోవడం. ఈ జబ్బుకు అసలు గుర్తు ఇదే. డాక్టరూ మాస్టారూ చూసేది లేవగలిగిన రోజునే కాబట్టి బద్ధకం అనుకుంటారు.

బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2021లో ఈ జబ్బు మీద తన సలహాను సరిదిద్దింది. పిల్లల్లో లక్షణాలు 4 వారాలుంటే అనుమానించాలి, 3 నెలలుంటే నిర్ధారించవచ్చు. వ్యాయామాన్ని లెక్క ప్రకారం పెంచుకుంటూ పోయే చికిత్స వద్దంది. ఈలోగా రక్తహీనత, థైరాయిడ్, టీబీ, సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) కావని తేల్చుకోవాలి.

చాలామంది పిల్లలకు నిలబడటమే కష్టం. డాక్టరు దగ్గర ఈ పరీక్ష అడగండి. 10 నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి నాడి, బీపీ రాయాలి. తర్వాత మడమలు గోడకు అర అడుగు దూరంలో ఉంచి, భుజాలు మాత్రం ఆనించి నిలబెట్టి 10 నిమిషాలు నిమిషానికోసారి చూడాలి. 12 నుంచి 19 ఏళ్ళ పిల్లల్లో బీపీ పడకుండా నాడి పడుకున్నప్పటికంటే నిమిషానికి 40 లేదా అంతకు మించి పెరిగితే పాట్స్ (నిలబడితే గుండె వేగం మితిమీరే సమస్య) ఉండొచ్చు. కాళ్ళు కదిపితే పరీక్ష పాడవుతుంది. పిక్కలు రక్తాన్ని పైకి నెట్టేస్తాయి. కళ్ళు తిరిగితే వెంటనే పడుకోబెట్టాలి. ఉప్పు, నీళ్ళు పెంచడం డాక్టరు చెప్పాకే.

ఇంట్లో చేయాల్సింది: నడక, చదువు, మాటలు, స్నానం అన్నీ రెండు వారాలు రాయండి. ఎంత చేస్తే రెండో రోజు పడిపోలేదో దొరుకుతుంది. దానికీ కాస్త తక్కువతో మొదలుపెట్టండి. చదువు 20 నిమిషాలు, తర్వాత ఫోన్ లేకుండా కళ్ళు మూసుకుని పడక. అలసట రాకముందే ఆపాలి. అందరూ తప్పేది ఇక్కడే: బాగున్న రోజున మిగిలిన పనంతా చేయించేస్తారు, వారం పోతుంది.

బడి విషయానికొస్తే, సీబీఎస్‌ఈలో 75 శాతం హాజరు కావాలి. వైద్య కారణాలతో సడలింపు అడగవచ్చు కనుక మొదటి నుంచీ కాగితాలు దాచండి. అదీ కుదరకపోతే జాతీయ సార్వత్రిక పాఠశాల ఎన్‌ఐఓఎస్ ఉంది: అయిదేళ్ళలో తొమ్మిది అవకాశాలు, ఒక్కో సబ్జెక్టుగా రాసుకోవచ్చు. సంవత్సరం పోయిందన్న బెంగ పెట్టుకోకండి. మెల్‌బోర్న్‌లో ఈ జబ్బున్న 784 మంది చిన్నవాళ్ళను గమనించిన పిల్లల డాక్టరు క్యాథరిన్ రో 2019లో ప్రచురించిన అధ్యయనంలో అయిదేళ్ళకు 38 శాతం, పదేళ్ళకు 68 శాతం కోలుకున్నామన్నారు.

పరిశోధకులను మేము కోరేది కూడా అదే: తర్వాతి రోజుల్ని చూడండి. చికాగోలో గ్లాండ్యులర్ ఫీవర్ (గొంతు నొప్పి, మెడ బిళ్ళలతో వచ్చే వైరస్ జ్వరం) వచ్చిన 301 మంది పిల్లల్లో ఆరు నెలలకు 13 శాతానికి, రెండేళ్ళకు 4 శాతానికి ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. జ్వరం రోజు నుంచే వెంటపడి చూశారు కాబట్టి తెలిసింది. చికిత్సల అధ్యయనాలు మాత్రం క్లినిక్‌కు రాగలిగిన పిల్లలకు ప్రశ్నపత్రం ఇచ్చి ముగిస్తే సరిపోదు. చేతికి కట్టిన పరికరంతో తర్వాతి మూడు రోజులూ కొలవాలి. మంచం దిగలేని పిల్లల ఇంటికే వెళ్ళి రక్తం తీయాలి, ఆ ఖర్చును మొదటి బడ్జెట్‌లోనే రాయాలి.