సప్తగిరి బస్సు: కుడి మలుపులో అదే టకటక

తిరుమల కొండెక్కే సప్తగిరి బస్సును లెగో ముక్కలతో రిమోట్ బొమ్మగా కట్టి, మిద్దె మీద వేసిన వాలు ఎక్కిస్తున్నాను. తిన్నగా పోతే 12 డిగ్రీల వాలు కూడా నున్నగా ఎక్కేస్తోంది. ఎడమ మలుపులోనూ ఏ పేచీ లేదు. కుడి మలుపు సగానికి వచ్చిందా, వెనక నుంచి టక్, టక్, టకటకటక. బస్సు ఉన్నచోటే ఆగిపోతుంది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఈ చప్పుడు వినీ వినీ ఇంట్లో వాళ్లకు కూడా గేర్ జారడమంటే ఏమిటో తెలిసిపోయింది. "మళ్లీ జారిందా?" అని కింద నుంచే అడుగుతున్నారు.

ముందు మిగతా సంగతులు. సర్వో (ముందు చక్రాలను పక్కకు తిప్పే చిన్న మోటారు) స్టీరింగ్ కుదిరింది. హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి. డ్రైవర్ సీటు వెనక బ్యాటరీ బాక్సు దాక్కుంది. ఇక గేర్ల గోల.

బండి కొలతలివి. 49.5 మి.మీ. టైర్లు వేశాను కాబట్టి స్కేలు దాదాపు 1:20. పొడవు 55 సెం.మీ., వెడల్పు 16 స్టడ్లు (లెగో ఇటుక మీది బొడిపెల కొలత, ఒక్కోటి 8 మి.మీ.), ముందు వెనక చక్రాల మధ్య 35 స్టడ్లు, అంటే 28 సెం.మీ. వెనక అసలు బస్సుకు లాగే జంట టైర్లు. వంటింటి త్రాసు మీద 2.4 కిలోలు. మధ్యలో ఒక ఎక్స్ఎల్ మోటారు (లెగో పెద్ద మోటారు), అక్కడ 12, 20 పళ్ల గేర్ల జత, పొడవాటి షాఫ్టు, వెనక 5×7 ఫ్రేమ్‌లో రెండు వెనక చక్రాలూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే 28 పళ్ల డిఫరెన్షియల్‌ని తిప్పే 12 పళ్ల బెవెల్ (తిప్పుడును అడ్డంగా మళ్లించే ఏటవాలు పళ్ల గేరు). మొత్తం వేగం తగ్గింపు 3.9 రెట్లు. సస్పెన్షన్ పెట్టలేదు, ఎక్కడా.

మిద్దె మీద రెండు ప్లైవుడ్ షీట్లతో ఘాట్ రోడ్డు కట్టాను. షీటు నాలుగు అడుగుల వెడల్పు కాబట్టి మలుపు వ్యాసార్థం 60 సెం.మీ. దాకా వచ్చింది. 28 సెం.మీ. వీల్‌బేస్‌కి అది చాలీచాలనంత. పట్టు కోసం పైన ఎమరీ పేపర్ అంటించాను. తిరుపతికీ తిరుమలకీ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. ఎక్కే రోడ్డు పొడవుతో భాగిస్తే సగటు వాలు 4 శాతం, అంటే రెండు డిగ్రీల పైచిలుకు. నాది 21 శాతం. అంత అవసరమా అంటే అవసరం లేదు. కానీ 6 డిగ్రీల దగ్గర ఏ బండైనా ఎక్కుతుంది, అందులో మజా ఏముంది? మలుపుల్లో బయటి అంచును మాత్రం నిజం రోడ్డులాగే కాస్త ఎత్తు లేపాను. కథంతా అక్కడే మొదలైంది.

మొదటి అనుమానం మోటారు మీద. 1.2 వోల్టుల రీఛార్జబుల్ సెల్స్ ఆరు, మొత్తం 7.2 వోల్టులే కదా, బలం చాలడం లేదేమో అనుకున్నాను. లెక్క వేస్తే అది కాదని తేలింది. ఈ బరువును ఈ వాలు మీదికి లాగడానికి, మలుపులో టైర్ల రాపిడి కూడా కలుపుకుంటే, ఆరున్నర న్యూటన్లు కావాలి. వెనక యాక్సిల్ దగ్గర తిప్పే బలంగా అది 16 న్యూటన్ సెంటీమీటర్లు. గేర్ల గుండా మోటారు దాకా వచ్చేసరికి నాలుగు, నష్టాలు కలిపినా ఏడు దాటదు. ఎక్స్ఎల్ పూర్తిగా ఆగిపోవాలంటే 9 వోల్టుల దగ్గర 40 వరకూ భరించాలి. అయినా మోటారు ఆగడం లేదుగా, పళ్లు జారుతున్నాయి. డిఫరెన్షియల్ పంటి మీద పడే తోపుడు చూస్తే కిలో బరువు దాటుతోంది. ఆ చిన్న బెవెల్ పక్కకు తప్పుకోవాలనుకోవడంలో వింతేమీ లేదు.

రెండో అనుమానం డిఫరెన్షియల్ మీద. అది లెగో కాదు, వేరే కంపెనీది. పిన్నులు, బీమ్‌లు ఎవరివైనా నాకు అభ్యంతరం లేదు. గేర్లూ డిఫరెన్షియల్ మాత్రం లెగోవే వాడాలని నా పట్టుదల, పంటి అంచుల్లో తేడా గోటికే తెలుస్తుంది. పాత సెట్టులోంచి అసలుది పీకి వేశాను. చప్పుడు కొంచెం మెత్తబడింది, ఆగలేదు.

మూడోది, షాఫ్టు డిఫరెన్షియల్ నుంచి దూరం జరుగుతోందా అని. యాక్సిల్ మీద నెయిల్ పాలిష్‌తో సన్నటి గీత పెట్టి, ఫ్రేమ్ అంచు నుంచి వెర్నియర్‌తో కొలిచాను. బల్ల మీద చేత్తో చక్రాలు పట్టుకుని మోటారు వేస్తే 0.2 మి.మీ. కదిలింది. కుడి మలుపులో, టకటక మొదలయ్యే చోట ఆపి చూస్తే 0.7. యాక్సిల్ జరక్కుండా ఆపే బుష్ బిగించాక 0.5కి వచ్చింది. అంటే యాక్సిల్ ఒక్కటే కాదు, దాన్ని పట్టుకున్న అడ్డబీమ్ కూడా ఫ్రేమ్ నుంచి దూరం జరుగుతోంది. ఎందుకు జరుగుతోంది?

అప్పుడు ఛాసిస్ మెలిక చూశాను. బల్ల మీద పెట్టి కుడి ముందు చక్రం కింద ఒక్కో పలచటి లెగో ప్లేటు (3.2 మి.మీ.) దూర్చుకుంటూ పోయాను. మూడు ప్లేట్లు పెట్టినా ఎడమ చక్రం బల్లను వదల్లేదు. సస్పెన్షన్ లేని బండిలో ఒక మూల దాదాపు సెంటీమీటరు లేచినా నాలుగు చక్రాలూ కిందే ఉన్నాయంటే ఛాసిస్ తడిగుడ్డ పిండినట్టు మెలి తిరుగుతోందన్నమాట. మలుపులో జరిగేదీ అదే. ముందు చక్రాలు ఎత్తు అంచు మీదికి ఎక్కేసరికి వెనకవి ఇంకా కింద తిన్నటి పలక మీదే ఉంటాయి.

బాగుంది, కానీ ఎడమ మలుపులోనూ మెలిక పడాలిగా? అక్కడెందుకు జారదు? బుర్ర తిన్న ప్రశ్న ఇదే. ఇప్పుడు నా లెక్క ఇది. మోటారు మధ్యలో, డిఫరెన్షియల్ వెనక. షాఫ్టు 7 న్యూటన్ సెంటీమీటర్లతో తిరుగుతుంటే, ఆ రెండింటి మధ్య ఛాసిస్ దానికి ఎదురు దిక్కులో మెలి తిరుగుతుంది. కుడి మలుపులో రోడ్డు పెట్టే మెలిక దీనికి తోడవుతోంది, ఎడమ మలుపులో రెండూ కొట్టుకుపోతున్నాయి. ఇదే నిజమైతే, డిఫరెన్షియల్‌ని తిప్పి బిగించి, పళ్ల చక్రాన్ని బెవెల్‌కి అవతలి వైపుకు తెస్తే, ముందుకు పోవడానికి షాఫ్టు ఎదురు దిక్కులో తిరగాలి. టకటక ఎడమ మలుపుకి మారాలి.

మారింది! కుడి మలుపు వెన్నలా ఎక్కేసి, ఎడమ మలుపులో అదే చోట టక్, టక్. బండి పాడైనందుకు ఇంత సంతోషపడే మనిషిని చూసి మా ఆవిడ ఏమనుకుందో అడగలేదు.

కారణం దొరికింది, మందు ఇంకా దొరకలేదు. ఛాసిస్ బీమ్‌లను రెండు వరసలు చేసి, మధ్యలో ఐమూలగా బీమ్‌లు వేశాను. ఇప్పుడు రెండో ప్లేటుకే ఎడమ చక్రం లేస్తోంది, గట్టితనం బాగా పెరిగింది. కానీ 150 గ్రాముల బరువూ పెరిగింది. 10 డిగ్రీల దాకా నిశ్శబ్దం, 12 దగ్గర మళ్లీ మొదలు. ఇంకా బీమ్‌లు వేసుకుంటూ పోతే బస్సు కాదు, రోడ్డు రోలర్ అవుతుంది. సిలికాన్ గ్రీజు పూయమని కొందరంటారు. మిద్దె మీద దుమ్ములో గ్రీజు పూస్తే పళ్ల మధ్య ఇసుక చేరి ఇంకో రోగం మొదలవుతుంది, నా ఓటు దానికి లేదు.

చిత్తూరులో ట్రాక్టర్లకు మోటార్లు బిగించే మిత్రుడికి వీడియో పంపితే ఫోన్ చేశాడు. "అన్నా, నువ్వు గేర్లతో కొట్లాడతా ఉండావు. ముందు యాక్సిల్‌ని ఊగనీ, మెలికే రాదు," అన్నాడు. మాట సరైనదే. ట్రాక్టర్ ముందు యాక్సిల్ అలాగే నడుమ ఒక్క కీలు మీద ఊగుతుంది. కానీ నా స్టీరింగ్ ర్యాకూ (చక్రాలను పక్కకు తిప్పే పళ్ల పట్టీ) సర్వో ఛాసిస్‌కి బిగించి ఉన్నాయి. యాక్సిల్ ఊగాలంటే రెండూ దానితో పాటే కదలాలి, లేదా కీలు గుండానే స్టీరింగ్ షాఫ్టు పోవాలి. పైగా దాంతో రోడ్డు పెట్టే మెలిక పోతుంది గానీ షాఫ్టు పెట్టేది అలాగే ఉంటుంది.

అందుకే ముందు తగ్గింపును చక్రాల దగ్గరికి తోసేద్దామనుకుంటున్నాను. మధ్యలో ఉన్న 12–20 జత తీసేసి, ప్రతి వెనక చక్రం పక్కన 8–24 జత పెడితే అక్కడే మూడు రెట్లు. షాఫ్టు మీద భారం 7 నుంచి రెండుంపావుకి పడిపోతుంది, డిఫరెన్షియల్ పంటి మీద తోపుడూ మూడో వంతే. మెలిక ఉన్నా జారడానికి అంత బలం మిగలదు. వెనక భాగం 16 మి.మీ. ఎత్తు లేస్తుంది, కాబట్టి ముందు కూడా అంతే లేపాలి. మన బస్సుల మెట్ల ఎత్తు తెలిసిన వాళ్లెవరూ తప్పు పట్టరు. మొత్తం తగ్గింపు 7 రెట్లవుతుంది. 9 వోల్టుల దగ్గర ఎక్స్ఎల్ ఖాళీగా నిమిషానికి 220 చుట్లు, కాబట్టి చక్రం 31. టైరు చుట్టుకొలతతో గుణిస్తే నిమిషానికి 5 మీటర్లు కూడా రాదు, నా సెల్స్‌తో ఇంకా తక్కువ. కొండెక్కడానికి 28 నిమిషాల కంటే తక్కువ పట్టకూడదని ఘాట్ రోడ్డులో రూలు ఉంది కదా, మనకు జరిమానా భయం లేదు.

లెగో 42099 సెట్టుతో వచ్చిన గేరు హబ్‌లైతే చక్రంలోనే 5.4 రెట్లు తగ్గిస్తాయి, ఇంకా శుభ్రమైన పని. వాటిని విడిగా తెప్పించడమే కష్టం. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. 2021 జనవరి నుంచి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర లేని బొమ్మలు అమ్మకూడదు. దేశంలో బొమ్మల తయారీ పెరగాలని చేశారు, ఆ వాదన అర్థమవుతుంది. కానీ పిడికెడు గేర్ల కోసం ఎదురుచూసే నాలాంటి వాళ్లకు మాత్రం, బయటి దేశం నుంచి ఎవరైనా వస్తున్నారంటే వాళ్ల పెట్టెలో జాగా ముందే బుక్ చేసుకోవడమే దారి. సంక్రాంతికి బావ వస్తున్నాడు, నాలుగు హబ్‌లు చెప్పాను.

రిమోట్ గురించి కూడా ఒక మాట. నాది 2007లో వచ్చిన పాత పవర్ ఫంక్షన్స్ (లెగో మోటార్లు, రిమోట్ల) తరం, ఇన్‌ఫ్రారెడ్‌ది. మా ఎండలో మిద్దె మీద అది గుడ్డిదే, సాయంత్రం అయిదున్నర దాటాకే నా బస్సుకి డ్యూటీ. లెగో బ్లూటూత్ కంట్రోల్ బాక్సు‌కి మారొచ్చు. కానీ ఫోన్ తెర మీద వేలు జారుస్తూ బండి నడపడం నాకు పడదు, మీట వేలికి తగలాలి. అన్నట్టు, 8 పళ్ల గేర్లు డబ్బాలో ఆరే ఉన్నాయి, వాటిలో రెండింటికి అంచులు అరిగాయి. ఈ శనివారం వెనక యాక్సిల్ విప్పినప్పుడు బాగున్న నాలుగింట్లో రెండు వాడి, ముందుగా జంట టైర్లు కాకుండా పక్కకొక్క టైరుతోనే పరీక్షిస్తాను. అది 12 డిగ్రీలు ఎక్కితేనే బస్సు ముందు తలుపు తెరిచే ఎం మోటారు (లెగో చిన్న మోటారు) సంగతి.