గేటు పందిరి మీద రాధామనోహరం: రెండేళ్ల నోట్సు

గుంటూరు ఎండలకి తట్టుకుని, ఇంటి ముందు నీడా పువ్వూ రెండూ ఇచ్చే తీగ ఒక్కటి చెప్పమంటే నేను రాధామనోహరమే చెబుతాను. చీకటి పడే వేళకి తెల్లగా విచ్చుకుంటుంది. మర్నాటికి గులాబీ రంగు, ఆ పైన ముదురు ఎరుపు. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. వేసవి రాత్రుళ్లు కరెంటు పోయి బయట కూర్చున్నప్పుడు ఆ వాసన వస్తుంటే లోపలికి వెళ్లబుద్ధి కాదు. ఈ తీగ పెట్టాలనుకునేవాళ్లకి పనికొస్తుందని నేను రాసుకున్నవన్నీ ఒకచోట పెడుతున్నాను.

మొదట మొక్క కొనడం గురించి. నర్సరీల్లో దీన్ని రంగూన్ క్రీపర్, మధుమాలతి, కొన్నిచోట్ల చైనీస్ హనీసకుల్ అని అమ్ముతారు. అసలు హనీసకుల్ వేరే కుటుంబం మొక్క. దాని పువ్వు రెండు పెదవులుగా చీలి, కేసరాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. జపాన్ రకమైతే తెలుపు నుంచి పసుపుకి మారుతుంది, ఎరుపెక్కదు. అమెరికాలో ఉండే మా మేనకోడలు వాళ్ల ఇంటి కంచె ఫోటో పంపితే అది ఈ జపాన్ రకమే. అందం కోసం తెచ్చిన ఆ తీగ అక్కడ అడవుల్లోకి పాకి చెట్లని కమ్మేస్తోంది, చాలా రాష్ట్రాల్లో దాన్ని పీకి పారేయాల్సిన మొక్కగా చూస్తారు. మన రాధామనోహరం పువ్వుకి సన్నటి పొడుగు కాడ, చివర నక్షత్రంలా అయిదు రెక్కలు. ఇది కరక్కాయ, తానికాయ, మన వీధుల్లో పెరిగే నాటు బాదం చెట్ల కుటుంబం. అందుకే కాబోలు ఎండంటే దీనికి భయం లేదు. మన కోస్తా వేడికి ఇదే సరైనది.

రెక్కల్లో ఒంటివీ ముద్దవీ ఉన్నాయి. ముద్ద రకం గుత్తి నిండుగా ఉంటుంది. నాకు ఒంటిరెక్కదే నచ్చుతుంది, వేలాడే కాడలు విడివిడిగా కనిపిస్తాయి. కడియం నర్సరీల నుంచి వచ్చిన మొక్క తెచ్చుకున్నాను. కొనేటప్పుడు పొడుగు చూడకండి. మొదలు పెన్సిలంత లావు ఉండి, అడుగు నుంచి రెండు మూడు కొమ్మలు వచ్చిన పొట్టి మొక్క మేలు.

మొదటి ఏడు, జూన్

మృగశిర వచ్చి రెండు వానలు పడ్డాక నాటాను. మాది నల్లరేగడి. వానాకాలం నీళ్లు నిలుస్తాయి, ఎండాకాలం పగుళ్లిస్తుంది. అందుకని అడుగున్నర లోతు, అంతే వెడల్పు గొయ్యి తీయించి, పైకి వచ్చిన మట్టి సగమే వాడాను. మిగతా సగానికి ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్ల వేపపిండి. మొక్క మొదలు చుట్టుపక్కల నేల కంటే కాస్త ఎత్తులో ఉండేలా మట్టి ఎగదోశాను. నల్లరేగడిలో ఏ తీగ పెట్టినా ఈ ఎత్తు ముఖ్యం.

చోటు ఎంచుకోవడంలో రెండే చూసుకున్నాను. రోజుకి ఆరు గంటలు ఎండ తగలాలి, పునాదికి, సెప్టిక్ ట్యాంకుకి దూరంగా ఉండాలి. దీని వేళ్ల నుంచి పిలకలు లేస్తాయి. గోడ పక్కనే పెడితే తర్వాత వాటిని తీయడానికి చోటుండదు.

పందిరి ఇనుముతోనే చేయించాను. ఈ తీగ ఇరవై అడుగులు దాటి పాకుతుంది, వానకి తడిసినప్పుడు బరువు మనం ఊహించలేం. వెదురు రెండు వానాకాలాలకే చీకిపోతుంది. వెల్డింగ్ షాపులో అంగుళం చదరపు పైపుతో గేటు మీదుగా కమాను, పైన అడుగుకొకటి చొప్పున జీఐ తీగలు. కాళ్లు కాంక్రీటులో పాతించాం.

ఆగస్టు, సెప్టెంబరు

తీగ మల్లెలా తనంతట తాను చుట్టుకుని ఎక్కుతుందని అనుకోకూడదు. లేత కొమ్మ కొంచెం మెలిక తిరుగుతుంది గానీ, అసలు పట్టు ముళ్లతోనే. ఆకు రాలిపోయినా తొడిమ అడుగు భాగం కొమ్మకే ఉండిపోయి, గట్టిపడి కొక్కెంలా తయారవుతుంది. అది దేన్నో ఒకదాన్ని పట్టుకుని తీగ పైకి పోతుంది. అప్పటిదాకా మనమే కట్టాలి. నేను పురికొసతో, ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాను. బైండింగ్ వైరు వద్దు, కాండం లావెక్కాక కోసుకుపోతుంది.

రెండు బలమైన కొమ్మలు ఉంచి, కమానుకి అటొకటి ఇటొకటి ఎక్కించాను. మిగతావి మొదట్లోనే తీసేశాను. సెప్టెంబరులో రెండు చిన్న గుత్తులు వచ్చాయి. అంత చిన్న మొక్కకి అది ఎక్కువే.

జనవరి

చలికి ఆకులు పసుపెక్కి చాలావరకు రాలాయి. మొక్క పోతోందని టెన్షన్ పడక్కర్లేదు, ఇది మామూలే. నీళ్లు వారానికోసారికి తగ్గించాను. ఆ ఏడు ఎండుపుల్లలు మాత్రమే తీశాను, గట్టిగా కత్తిరించలేదు. ఇంకా పందిరి ఎక్కుతున్న మొక్కని కొట్టకూడదు.

మే

రోహిణి కార్తెలో ఎండ 40 డిగ్రీలు దాటాక కూడా కొత్త చిగుళ్లు వస్తూనే ఉన్నాయి. రోజు విడిచి రోజు, పొద్దున్నే బకెట్ నీళ్లు. మొదలు చుట్టూ రెండు అంగుళాల మందాన వరిగడ్డి కప్పాను, కాండానికి తగలకుండా.

జూలైలో ఒక సమస్య. లేతాకులు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా కనిపించాయి. పాత ఆకులు బాగానే ఉన్నాయి. ఇది ఇనుపధాతు లోపం. మన నల్లరేగడుల్లో సున్నం ఎక్కువ ఉన్నచోట నిమ్మలో, వేరుశనగలో రైతులు చూసేదే. మందు కూడా అదే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారీ చేశాను. వారం ఆగి మళ్లీ ఒకసారి. కొత్తగా వచ్చిన ఆకు పచ్చగా వచ్చింది. అప్పటికే పాలిపోయిన ఆకు పూర్తిగా మారదు, దాన్ని చూసి మందు పనిచేయలేదని అనుకోవద్దు.

పిండినల్లి కూడా అప్పుడే కనిపించింది, చిగుళ్ల మొదట్లో తెల్లగా. దాని వెంట చీమలు. ముందు నీళ్ల పైపుతో గట్టిగా కొట్టి, తర్వాత లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి కొట్టాను. పువ్వు విచ్చుకునే వేళ, అంటే సాయంత్రం చీకటి పడ్డాక, వేపనూనె కొట్టకండి. ఆ వేళకే దీనికి చుట్టాలు వస్తారు.

ఆ చుట్టాల గురించి చెప్పాలి. రాత్రి తెల్లపువ్వు దగ్గరికి హాక్‌మాత్ అనే పెద్ద రెక్కల పురుగు వస్తుంది. పువ్వు మీద వాలదు, గాలిలోనే ఆగి, పొడవాటి నాలుకని కాడలోకి దించి తేనె తాగుతుంది. అంత పొడుగు కాడ అడుగున ఉన్న తేనె తేలిగ్గా అందుకోగలిగేది అలాంటి నాలుకే. తెలుపు, వాసన, చీకట్లో విచ్చుకోవడం అన్నీ దాని కోసమే. పగలు రంగు మారిన పువ్వుల దగ్గరికి తేనెటీగలు, తేనెపిట్టలు వస్తాయి. టార్చిలైటుకి ఎర్ర కాగితం చుట్టి చూస్తే పురుగు బెదరదు. పిల్లలకి తప్పకుండా చూపించండి.

రెండో ఏడు, ఫిబ్రవరి

ఈ నోట్సులో అన్నిటికంటే ముఖ్యమైనది ఈ నెల పని. రాధామనోహరం కొత్త కొమ్మ చివరే పూస్తుంది. పాత కొమ్మలు అలాగే వదిలేస్తే పందిరి పైన గుబురు పెరిగి, పూలన్నీ మిద్దె మీదివాళ్లకి కనిపిస్తాయి, కింద మనకి ఎండుపుల్లలు మిగులుతాయి. అందుకే చలి తగ్గుతుండగా, చిగురు కదలకముందు గట్టిగా కత్తిరించాలి.

కమాను మీద పరిచిన రెండు పెద్ద కాండాలు ముట్టుకోలేదు. వాటి నుంచి వచ్చిన పక్క కొమ్మలన్నిటినీ రెండు మూడు కణుపులు ఉంచి కోసేశాను. ఒకదాన్నొకటి రాసుకునేవి, ఎండినవి, లోపలికి పెరిగేవి మొదలంటా తీశాను. తోలు గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి, ఆ కొక్కేలు చర్మాన్ని చీరేస్తాయి. పక్కింటి పిన్నిగారు గేటు దగ్గర ఆగి, "అయ్యో, ఇంత పచ్చటి తీగని బోడి చేశావేంటమ్మాయ్!" అని బాధపడ్డారు. "ఉగాదికి చూడండి పిన్నిగారూ" అన్నాను. ఉగాది నాటికి పందిరి మొత్తం లేతాకుపచ్చ అయింది. ఏప్రిల్‌లో గుత్తులు మొదలై దసరా దాకా దఫదఫాలుగా వచ్చాయి. ఒక దఫా పూత అయిపోగానే వాడిన గుత్తిని కింద రెండు కణుపులతో సహా తుంచేస్తే తర్వాతి దఫా తొందరగా వస్తుంది.

ఎరువు విషయంలో చేయి బిగించాలి. కత్తిరింపు అయ్యాక ఒకసారి, జూన్‌లో ఒకసారి, రెండు దోసిళ్ల వర్మీకంపోస్టు, గుప్పెడు ఎముకల పొడి. అంతే. యూరియా వేసినా, పేడనీళ్లు వారం వారం పోసినా ఆకు ఏపుగా వస్తుంది, పువ్వు రాదు. ఆరేడేళ్లుగా ఆకు తప్ప పూత లేని తీగ ఎవరింట్లో ఉన్నా ముందు ఎండ చూడండి, తర్వాత కత్తెర, ఆ తర్వాతే ఎరువు.

పాములు వస్తాయని కూడా పిన్నిగారి భయం. పామొచ్చేది వాసనకి కాదు, తీగ కింద పేరుకున్న చెత్తలో తిరిగే ఎలుకలకి, కప్పలకి. మొదలు చుట్టూ రెండడుగులు శుభ్రంగా ఉంచుతున్నాను, నేల తాకే కొమ్మలు తీసేస్తున్నాను. వేసవికి కప్పే వరిగడ్డి కూడా వానలు పడగానే తీసేస్తాను.

జూలై, అంటు

కొమ్మ ముక్కలతో కూడా మొక్కలు వస్తాయి గానీ, నేల అంటు నమ్మకం. కింద వచ్చిన పిలక కొమ్మని వంచి, ఒక కణుపు కింద అంగుళం మేర బెరడు గీకి, మట్టిలో పాతి పైన ఇటుక పెట్టాను. తడి ఆరనివ్వలేదు. వానాకాలం చివరికి వేళ్లు పట్టింది, అప్పుడు తల్లి నుంచి కోసి కుండీలోకి మార్చాను.

అది హైదరాబాదులో చెల్లెలి బాల్కనీకి వెళ్లింది. "అక్కా, కుండీలో పూస్తుందా?" అని దాని అనుమానం. పూస్తుంది. ఇరవై అంగుళాల కుండీ కావాలి, అడుగున చిల్లులు పెద్దవిగా ఉండాలి. గ్రిల్లుకి అడ్డంగా కట్టాలి, నిలువుగా పోనిస్తే పూలన్నీ పైఅంతస్తుకి పోతాయి. మేలో రోజూ నీళ్లు పోయాలి, కుండీ మట్టి భూమిలా తడి దాచదు. రెండేళ్లకోసారి ఫిబ్రవరిలో కత్తిరించిన రోజే కుండీలోంచి తీసి, చుట్టూ వేళ్లు కొంత కోసి, కొత్త మట్టితో నింపాలి.

ఈసారి రెండు అంట్లు వేశాను. ఒకటి పిన్నిగారి గేటుకి. ఆవిడ పందిరికి పైపులు కొలిపించారు, గోడకి మూడడుగుల దూరంలో గొయ్యి గుర్తు పెట్టి వచ్చాను.